తోట కన్నా ముందు తలుపు: డిమెన్షియా ఉన్నవారి కోసం తోటల రూపకల్పన

డిమెన్షియా ఉన్నవారికి తోట మేలు చేస్తుందా అని అడిగితే చేయదనేవారు దొరకరు. ఎలాంటి తోట, ఎవరికి, ఏ దశలో, ఎందుకు అని అడిగితేనే అభిప్రాయాలు విడిపోతాయి. నడకదారి గుండ్రంగా తిరిగి మొదటికే రావాలని కొందరు రూపకర్తలు పట్టుబడతారు. అలాంటి దారి మనిషిని గమ్యం లేకుండా తిప్పుతుందని మరికొందరు అంటారు. పాతకాలపు వస్తువులు పెట్టి జ్ఞాపకాలను తట్టిలేపాలన్నది ఒక మాట, అది మోసానికి మొదటి మెట్టన్నది దానికి ఎదురుమాట. నలభై ఏళ్లుగా సాగుతున్న ఈ చర్చలో వాస్తుశిల్పులు, నర్సులు, మనోవిజ్ఞానులు, నరాల వైద్యులు ఎవరి భాషలో వారు మాట్లాడుతూ వచ్చారు. అందుకే ఇది ఇంత చిక్కుపడింది.

చిక్కు విప్పుకోవలసిన అవసరం మనకూ ఉంది. ప్రపంచంలో 5.5 కోట్లమందికి పైగా డిమెన్షియాతో జీవిస్తున్నారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షలమందికి ఈ స్థితి ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీరిలో అత్యధికులు సంరక్షణ కేంద్రాల్లో కాక ఇళ్లలోనే ఉన్నారు. తోటల మీద జరిగిన పరిశోధన మాత్రం దాదాపు అంతా కేంద్రాల్లోనే జరిగింది. ఇక్కడ చెప్పే ప్రతి మాటనూ ఈ తేడా గుర్తుంచుకుని చదవాలి.

రెండు పాయలు, ఒక కలయిక

చాలా వ్యాసాలు ఈ కథను రోజర్ అల్‌రిచ్‌తో మొదలుపెడతాయి. 1984లో ‘సైన్స్’ పత్రికలో ఆయన ప్రచురించిన అధ్యయనం పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం శస్త్రచికిత్స చేయించుకున్నవారి రికార్డులను పరిశీలించింది. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందితో జతలుగా పోల్చింది. చెట్లు చూసినవారు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. ఎడ్వర్డ్ విల్సన్ ‘బయోఫీలియా’ పుస్తకమూ అదే ఏడాది వచ్చింది. అలసిన ధ్యాసకు ప్రకృతి విశ్రాంతినిస్తుందన్న సిద్ధాంతాన్ని రేచల్, స్టీఫెన్ కాప్లాన్‌లు 1989 నాటి పుస్తకంలో విస్తరించారు.

ఈ పునాది గట్టిదే, కానీ అల్‌రిచ్ చూసింది డిమెన్షియా ఉన్నవారిని కాదు. శస్త్రచికిత్స తర్వాత కొద్దిరోజులు మంచం మీద ఉండే మనిషికి, ఏళ్ల తరబడి దారి తప్పుతూ బతికే మనిషికి కిటికీ ఒకే అర్థం ఇవ్వదు. ఆ ఒక్క అధ్యయనం చూపి డిమెన్షియా తోటలను సమర్థించే అలవాటు ఇకనైనా పోవాలి.

రెండో పాయ వృద్ధాప్య శాస్త్రం నుంచి వచ్చింది. పావెల్ లాటన్, లూసిల్ నహెమో 1973లో ఒక సూత్రం చెప్పారు. మనిషి సామర్థ్యం తగ్గేకొద్దీ పరిసరాల ప్రభావం అతని మీద పెరుగుతుంది. వయసులో ఉన్నవాడు మెట్టు ఎత్తు తేడాను గమనించకుండానే దాటేస్తాడు. డిమెన్షియా ఉన్న మనిషిని అదే మెట్టు ఆపేస్తుంది, లేదా పడేస్తుంది. కాబట్టి పరిసరాలను సరిచేస్తే మనిషికి కోల్పోయిన శక్తి కొంత తిరిగి వచ్చినట్టే. ఫిలడెల్ఫియాలో 1974లో తెరిచిన వైస్ ఇన్‌స్టిట్యూట్ భవనం ఈ ఆలోచనతో కట్టినదే.

1990లలో ఈ రెండు పాయలూ కలిశాయి. మార్తా టైసన్ చికిత్సా తోటల పుస్తకం 1998లో, క్లేర్ కూపర్ మార్కస్, మార్నీ బార్న్స్ కూర్చిన ‘హీలింగ్ గార్డెన్స్’ 1999లో వచ్చాయి. ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం 2002లో ఒక సార్వజనిక ఉద్యానంలోనే జ్ఞాపకశక్తి తగ్గినవారి కోసం తోట తెరిచింది. ఈ ఊపుకు మరో పెద్ద కారణం మందులు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఆ మందులు ఇవ్వకుండా అలజడిని తగ్గించే మార్గాల కోసం వెతుకులాట పెరిగింది. తోట ఒక్కసారిగా అలంకారం స్థాయి నుంచి చికిత్స స్థాయికి ఎక్కింది.

అలజడిని అణచే తోట

మొదటి వాదం భద్రతది. దీని దృష్టిలో తోట మందులేని మందు. చుట్టూ మొక్కల మాటున దాగిన కంచె, ఎటు వెళ్లినా వెనక్కి తెచ్చే దారి, సిబ్బందికి అన్ని మూలలూ కనిపించే చూపు దీని లక్షణాలు.

ఈ వాదానికి ఆధారంగా తరచు వినిపించేది పాట్రిక్ మూనీ, లెనోర్ నైసెల్ 1992లో కెనడాలోని ఐదు కేంద్రాలను పోల్చిన అధ్యయనం. తోటలున్న చోట హింసాత్మక ఘటనలు 19 శాతం తగ్గాయి, లేని చోట 681 శాతం పెరిగాయి. ఆ రెండో అంకె కళ్లు చెదరగొడుతుంది, అనుమానమూ రేపాలి. అంత పెద్ద శాతం సాధారణంగా మొదటి సంఖ్య చాలా చిన్నదైనప్పుడు వస్తుంది. ఐదే కేంద్రాలు ఉన్నప్పుడు ఒక్క కేంద్రంలో వచ్చిన మార్పు మొత్తం లెక్కను లాక్కుపోగలదు.

వర్జీనియాలోని సేలం మాజీ సైనికుల వైద్య కేంద్రంలో మార్క్ డెట్‌వైలర్ బృందం చేసిన పని ఇంతకంటే జాగ్రత్తగా జరిగింది. 34 మంది పురుషులను తోట తెరవకముందు ఒక ఏడాది, తెరిచాక ఒక ఏడాది గమనించి 2008లో ఫలితాలు వెల్లడించారు. అలజడి తగ్గింది, తోటలోకి ఎక్కువగా వెళ్లినవారిలో మరింత తగ్గింది. వారిలో 28 మందిపై 2009లో వచ్చిన వ్యాసం పడిపోవడాలు దాదాపు 30 శాతం తగ్గాయనీ, ఎక్కువ మోతాదు యాంటీసైకోటిక్ మందుల వాడకం పడిపోయిందనీ చెప్పింది. బయటికి పంపితే పడతారన్న భయంతో తలుపులు మూసే నిర్వాహకులకు ఇది తెలియాలి. అదే వ్యాసంలో నిద్రమందులు పెరిగాయన్న సంగతీ ఉంది. దాన్ని ఉదహరించేవారు తక్కువ.

ఇక్కడొక మెలిక ఉంది. ఎక్కువగా తోటలోకి వెళ్లినవారు బాగుపడ్డారా, లేక కాస్త బాగున్నవారే ఎక్కువగా వెళ్లగలిగారా? ఇలాంటి అధ్యయనం ఈ రెండింటినీ విడదీయలేదు.

జ్ఞాపకాన్ని పిలిచే తోట

రెండో వాదం గతాన్ని నమ్ముకుంటుంది. ఇటీవలి సంగతులు ముందు చెరిగిపోతాయి, బాల్య యౌవనాలవి చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి తోటలో ఆ కాలపు మొక్కలు, పంపులు, బట్టలారేసే దండెం, పాత కారు ఉండాలంటుంది. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగర ఆసుపత్రిలో నరాల వైద్యురాలు తెరేజ్ జోన్‌వో చొరవతో 2010లో రూపుదిద్దుకున్న తోట పేరులోనే కళ, జ్ఞాపకం, జీవితం ఉన్నాయి.

ఈ బాటలో కొందరు చాలా దూరం వెళ్లారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో బెన్రాట్ వృద్ధాశ్రమం ముందు ఏ బస్సూ ఆగని బస్‌స్టాప్ నిలిపారు. ఇంటికి వెళ్లిపోవాలన్న తపనతో బయల్దేరినవారు అక్కడ కూర్చుంటారు, కాసేపటికి నెమ్మదిస్తారు, సిబ్బంది వచ్చి లోపలికి పిలుస్తారు. ఈ పద్ధతి తర్వాత చాలాచోట్ల తోటల్లోకి చేరింది. టామ్ కిట్‌వుడ్ 1997లో ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ పుస్తకంలో మనిషితనాన్ని దెబ్బతీసే ప్రవర్తనల జాబితా ఇచ్చినప్పుడు మాయచేసి లొంగదీసుకోవడాన్నీ అందులో చేర్చారు. రాని బస్సు కోసం కూర్చోబెట్టడం ఆ జాబితాలోకి వస్తుందని విమర్శకులు అంటారు. కట్టేయడం కన్నా, మత్తుమందు కన్నా నయం కదా అన్నది సమర్థకుల జవాబు. ఇందులో నేను విమర్శకుల పక్షమే. ఆ మనిషి వెతుకుతున్నది బస్సును కాదు, ఇల్లన్న భరోసాను. దాన్ని కూర్చోబెట్టి చల్లార్చవచ్చు గానీ, తీర్చినట్టు కాదు.

జ్ఞాపకాల వాదానికి మరో చిక్కు, ఎవరి జ్ఞాపకమన్నది. ఇంగ్లండు గులాబీ తోట గుంటూరు జిల్లా నుంచి టెక్సస్‌కు కొడుకు దగ్గరికి వెళ్లిన అమ్మకు ఏమీ గుర్తుచేయదు. ఒక కుండీలో కరివేపాకు, మరో కుండీలో గోంగూర చేసే పనిని పెద్ద ఉద్యానం చేయలేకపోవచ్చు. మన ఊళ్లలోనూ అందరికీ ఒకే జ్ఞాపకం ఉండదు. తులసికోట ఒక ఇంటికి కేంద్రమైతే, మరో ఇంటికి పుదీనా మడి, ఇంకో ఇంటికి పశువుల పాక.

సువాసనల తోటల మీద పెట్టుకున్న ఆశనూ తగ్గించుకోవాలి. అల్జీమర్స్‌లో వాసన పసిగట్టే శక్తి చాలా ముందుగానే సన్నగిల్లుతుంది. పార్కిన్సన్స్‌లోనూ అంతే. మల్లెతీగ కింద కూర్చోబెడితే చాలుననుకునే రూపకర్తకు ఇది చేదు నిజం. మరువం, దవనం లాంటివి వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేంత అందుబాటులో ఉంటే వాసనకు స్పర్శ తోడవుతుంది. దూరంగా ఉన్న సంపెంగ చెట్టుకు ఆ అవకాశం లేదు.

పని పెట్టే తోట

మూడో వాదం నాకు అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది. తోట చూడటానికి కాదు, చేయడానికి అంటుంది ఇది. గరూత్ చాల్‌ఫాంట్ 2007 నాటి పుస్తకం, నెదర్లాండ్స్‌లోని సంరక్షణ వ్యవసాయ క్షేత్రాలు ఈ దారివే. వ్యాధి మనుషుల పేర్లను, తేదీలను, మనవడి ముఖాన్ని చెరిపేసినా చేతుల అలవాటును చాలాకాలం వదిలేస్తుంది.

షానన్ జారట్, క్రిస్టినా గిలియోటీ 2010లో ఎనిమిది సంరక్షణ కేంద్రాల్లో చేసిన ప్రయోగం ఈ చర్చలో అరుదైనది. తోటపనికి ఎవరు, మామూలు కార్యక్రమాలకు ఎవరు అన్నది అక్కడ లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. తోటపని చేసినవారు ఎక్కువసేపు, ఎక్కువ శ్రద్ధగా పనిలో లీనమయ్యారు. ముఖాల్లో కనిపించిన సంతోషం విషయంలో మాత్రం రెండు గుంపులకూ తేడా రాలేదు. ఈ ఫలితంలో నిజాయితీ ఉంది. తోటపని అద్భుతాలు చేయలేదు, కానీ మనిషిని చేస్తున్న పనిలో నిలబెట్టింది. రోజంతా ఖాళీగా గడిచే జీవితానికి అది చిన్న లాభం కాదు.

తెలుగు ఇళ్లలో ఇలాంటి పనులకు కొదవలేదు. మాల కట్టడం, కరివేపాకు దూయడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, గోంగూర ఆకు తుంచడం, వాకిలి చిమ్మడం, పాదులకు నీళ్లు పోయడం. కనకాంబరాలు కట్టే వేళ్లకు ఎన్నో పూవు కడుతున్నామన్న లెక్క అవసరం లేదు. ముడి తప్పినా ఎవరికీ నష్టం లేదు. మగవారి పనుల్లో ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే కొడవలి, పలుగు, పార చేతికిచ్చే ధైర్యం ఇంట్లోవారికి ఉండదు. పాదు తీయడానికి చిన్న తవ్వుగోల, విత్తనాలు వేరుచేయడం, పందిరికి తీగ పాకించడం దానికి కొంత జవాబు.

ఈ వాదం బలహీనత దాని ఖర్చులో ఉంది. పని పెట్టాలంటే పక్కన మనిషి కావాలి. అప్పుడు మేలు చేసింది మొక్కా, పక్కన కూర్చున్న మనిషా అన్న ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. భద్రతావాదం ఘటనల సంఖ్యను కొలుస్తుంది, ఎక్కువగా నిర్వాహకుల బాధను తీరుస్తుంది. జ్ఞాపకాలవాదం మాటలను, ముఖ కవళికలను కొలుస్తుంది, ఎక్కువగా కుటుంబాన్ని ఓదారుస్తుంది. పనివాదం లీనమైన సమయాన్ని కొలుస్తుంది, మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతుంది. కొలిచేవి వేరైనప్పుడు ఫలితాలు ఒకదాన్నొకటి ఖండించినట్టు కనబడటంలో ఆశ్చర్యం లేదు.

సాక్ష్యం ఎంత గట్టిది

ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా వియర్ బృందం 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడపట్టింది. నిలిచినవి 17. తోటను వాడితే అలజడి తగ్గే సూచనలున్నాయనీ, అధ్యయనాల నాణ్యత మాత్రం బలహీనమనీ తేల్చింది. కారణాలు తెలిసినవే. తక్కువమంది మనుషులు, పోల్చడానికి రెండో గుంపు లేకపోవడం, ముందు–తర్వాత లెక్కల్లోకి రుతువుల తేడా చొరబడటం, తోట తెరిచిన ఏడాదే సిబ్బంది ఉత్సాహమూ పెరగడం. మాత్రను పోలిన ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు, ఉత్తుత్తి తోట ఇవ్వలేం.

వెలుతురు విషయంలో సాక్ష్యం ఇంతకన్నా గట్టిది. నెదర్లాండ్స్‌లోని 12 కేంద్రాల్లో 189 మందిపై జరిగి 2008లో వెలువడిన ప్రయోగంలో పగలంతా ప్రకాశవంతమైన కాంతి ఇచ్చినప్పుడు కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, జ్ఞాపకశక్తి క్షీణత కొద్దిగా నెమ్మదించింది. అది విద్యుత్ దీపాల వెలుతురే. అయినా ఉదయపు ఎండలో గడిపే సమయానికి అది పరోక్షంగా బలమిస్తుంది.

ఈ సాహిత్యమంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒక చిన్న అధ్యయనం. ఒహాయో పరిశోధకులు కెవాన్ నమాజీ, బెత్ జాన్సన్ 1992లో తోటను మార్చలేదు, తోటకు వెళ్లే తలుపు మీద దృష్టి పెట్టారు. తాళం వేసి ఉన్న తలుపు దగ్గర అలజడి రేగింది. తాళం లేనప్పుడు మనుషులు బయటికి వెళ్లారు, తిరిగి వచ్చారు, గొడవ తగ్గింది. అందమైన తోటలు కట్టి, సిబ్బంది చాలరనో, తడిగా ఉందనో, పడతారనో తాళం వేసి ఉంచే కేంద్రాల గురించి పరిశోధకులు తరువాతా రాస్తూనే ఉన్నారు. మొక్కల ఎంపిక మీద ఖర్చయిన సిరాలో సగమైనా ఈ తాళం మీద ఖర్చయి ఉంటే చర్చ ఇంకో చోట ఉండేది.

నెదర్లాండ్స్‌లో డిమెన్షియా ఉన్నవారి కోసం 2009లో తెరిచిన హోఖెవైక్ ఆవాసం ఈ ప్రశ్నను ఊరంత చేసింది. వీధులు, అంగళ్లు, పెరళ్లు అన్నీ ఉన్న ఆ ఆవరణలో లోపల ఎక్కడికైనా వెళ్లవచ్చు, పొలిమేర ఒక్కచోటే కాపలా. దాన్ని స్వేచ్ఛ అనేవారూ ఉన్నారు, పెద్దదైన కంచె అనేవారూ ఉన్నారు.

పెద్దగా తగవు లేని సంగతులు

వయసు మళ్లిన కంటికి నీలం, ఆకుపచ్చ ఛాయల తేడా మసకబారుతుంది. ఎరుపు, పసుపు, నారింజ బాగా ఆనుతాయి. బంతి, చామంతి ఇక్కడ గెలుస్తాయి. నడకదారిలో ఉన్నట్టుండి ముదురు రంగు వస్తే అది గుంటలా కనిపించి మనిషి ఆగిపోతాడు. అందువల్ల దారి అంతా ఒకే రంగులో ఉండాలి, దాని అంచుకూ మట్టికీ మాత్రం స్పష్టమైన తేడా ఉండాలి. కుర్చీలకు వెన్ను, చేతులు రెండూ ఉండాలి. మరుగుదొడ్డి తోటలోంచే కనిపించాలి. మూసుకుపోయిన చివరలు వద్దు.

గుండ్రటి దారి తగవు మాత్రం పూర్తిగా తీరలేదు. దారిలో ఆగడానికి, చూడటానికి, తాకడానికి ఏమీ లేకపోతే ఆ చుట్టు వృథానే. ప్రదక్షిణ అలవాటున్న మనిషికి నడుమ ఒక వేపచెట్టో, తులసికోటో ఉంటే ఆ చుట్టుకే ఒక అర్థం వస్తుంది.

మన ఎండ, మన వాన, మన మొక్కలు

పాశ్చాత్య మార్గదర్శకాలు ఎండను వెతుక్కునే దేశాల్లో పుట్టాయి. మే నెలలో 45 డిగ్రీలు తాకే రామగుండంలో, రెంటచింతలలో ఎండను తప్పించుకోవడమే రూపకల్పన. ముసలితనంలో దాహం తెలియడం తగ్గుతుంది, కొన్ని మానసిక వ్యాధుల మందులు చెమటనూ తగ్గిస్తాయి. తోట ఉదయం తొలి గంటల్లో, సాయంత్రం ఎండ వాలాక మాత్రమే వాడకానికి వస్తుంది. సాయంత్రమేమో చాలామందిలో అలజడి ముదిరే సమయం. పందిరి, మంచినీళ్ల కుండ ఇక్కడ అలంకారాలు కావు. ఇనుప బల్ల కాలుతుంది, చెక్క నయం. తాండూరు నాపరాయి పాలిష్ చేయనిదైతే నడకకు అనువైనదే, కానీ వాన వెలిశాక తడి మచ్చలతో నల్లగా కనిపిస్తుంది. పైన చెప్పిన గుంటల భ్రమ అక్కడే పుడుతుంది. నీటి తొట్టి పెడితే దోమల సంగతి ముందు చూసుకోవాలి.

మొక్కల విషయంలో మనకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. పూజ పూల కోసం పెరట్లో పెంచే గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండెను దెబ్బతీసే విషాలున్నవి. ఉమ్మెత్త, ఆముదం, గురివింద గింజలూ విషమే. వ్యాధి ముదిరినకొద్దీ కొందరు చేతికందినదాన్ని నోట్లో పెట్టుకుంటారు. దశాబ్దాలుగా కోసిన గన్నేరు పూలే ఆ మనిషికి ఎంతో ఇష్టమైన జ్ఞాపకం కావచ్చు. అయినా ఇక్కడ రాజీ పనికిరాదు. మందారం, పారిజాతం వంటివి ఆ చోటు నింపాలి.

బోర్డుల మీద ఆధారపడటం కూడా మనకు కుదరదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారిలో వ్యాధి 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో తేల్చింది. ఆ రోగుల్లో అక్షరం రానివారూ ఉన్నారు, వారిలోనూ రెండో భాష లాభం కనిపించింది. చదవడం రానివారికి దారి చూపాల్సింది చెట్టు, గంట, రంగు గోడ.

అపార్ట్‌మెంట్లలో పెరడు లేదు, బాల్కనీ, డాబా ఉన్నాయి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారి ప్రచారంతో మిద్దెతోటలు హైదరాబాద్‌లో బాగా పెరిగాయి. డిమెన్షియా ఉన్న పెద్దవారికి డాబా అంచు, మెట్లు, నీళ్ల పైపులు మూడూ ప్రమాదమే. నడుమెత్తు పిట్టగోడ చాలదు. మిద్దెతోటల ప్రచారం ఇంత జరిగినా, ఈ కోణంలో మార్గదర్శకాలు కావాలని గట్టిగా అడిగినవారు తక్కువ.

తేలవలసినవి

మంచం పట్టిన చివరి దశవారిని చాలా అధ్యయనాలు వదిలేశాయి. వారి దాకా తోట ఎలా వెళ్లాలన్నది ఇంకా ప్రశ్నే. రోజుకు ఎంతసేపు బయట గడిపితే మేలో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోతున్నారు. డిమెన్షియాలో అల్జీమర్స్, లెవీ బాడీ, ముందరి మెదడు దెబ్బతినేవి వేరువేరు. లేనివి కనిపించే లెవీ బాడీ మనిషికి దట్టమైన నీడలున్న తోట భయం పుట్టించవచ్చు, మరొకరికి అదే తోట హాయినివ్వవచ్చు. సంరక్షణ భారం మోసే కోడళ్లు, కూతుళ్లు, భార్యలకు ఆ అరగంట ఎంత ఊపిరి ఇస్తుందో కొలిచినవారు అరుదు, మన దేశంలో మరీ అరుదు.

ఇకమీద ఎవరైనా ఇక్కడ అధ్యయనం తలపెడితే ఇంటి పెరటితో మొదలుపెట్టడం మంచిది. మొక్కల జాబితాకన్నా ముందు రెండు సంగతులు నమోదు చేయాలి. పెరటి తలుపు రోజులో ఎన్ని గంటలు గడియ లేకుండా ఉంది? ఆ గంటల్లో ఇంట్లో ఇంకెవరున్నారు?